రిక్ వేక్‌మన్ సోలో ఆల్బమ్‌లలో మేలైనవి ఎంచుకోవడం ఎలా

పొడవైన, సంక్లిష్టమైన రచనలతో సాగే ‘ప్రోగ్రెసివ్ రాక్’ శైలికి చెందిన ఇంగ్లిష్ బృందం యెస్ 1972లో విడుదల చేసిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో మొదటి పాట పద్దెనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. దాని నడుమ హోరంతా సద్దుమణిగి, గాయకుల గొంతులు మాత్రమే మిగిలి, అంతలో చర్చి ఆర్గన్ ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టాన్ని విన్నవారెవరూ మరచిపోలేరు. ఆ ఆర్గన్ వాయించినది ఆ బృందపు కీబోర్డు కళాకారుడు రిక్ వేక్‌మన్. ఆయన తన సొంత పేరుతో ఇంకేం చేశారని వెతకబోయిన శ్రోతకు ఎదురయ్యేది ఒక పెద్ద గుట్ట: 1970ల తొలినాళ్ల నుంచి నేటి వరకు తొంభైకి పైగా సోలో ఆల్బమ్‌లు, వాటికి తోడు కచేరీ రికార్డింగులు, సంకలనాలు, పాత రచనలనే మళ్లీ వాయించి విడుదల చేసిన కొత్త రూపాలు. ఆ గుట్టలో చేతికి అందినదాన్ని తీసి విన్నవారు చాలామంది నిరాశపడి వెనుదిరుగుతారు. ఆ నష్టం అనవసరమైనది. ఆయన సృష్టిలో మొదటి వరుసలో నిలిచేవి అయిదారుకు మించవు. వాటిని గుర్తుపట్టే పద్ధతి ఒకటి తెలిస్తే మిగిలిన దారి సుగమం అవుతుంది.

నేను చాలా ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి ఇది. ఏ ఆల్బమ్ చేతిలోకి తీసుకున్నా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇందులో కథను కీబోర్డే చెబుతోందా, లేక కథను మరెవరో చెబుతుండగా కీబోర్డు వెనక నిలబడి ఉందా? వేక్‌మన్‌కు పెద్ద పెద్ద కథలంటే మక్కువ ఎక్కువ. రాజులు, రాణులు, భూగర్భ యాత్రలు, నేరగాళ్లు, గ్రహాలు ఆయన ఆల్బమ్‌లకు వస్తువులయ్యాయి. ఆ కథ ఆయన వేళ్లలోంచి వచ్చినప్పుడు ఆల్బమ్ నిలిచింది. వ్యాఖ్యాత, గాయకుడు, బృందగానం కలిసి కథను మోసినప్పుడు ఆల్బమ్ వైభవంగా ఉన్నా కొన్నాళ్లకు పలచబడింది. అమ్మకాల పట్టికలో ఎంత పైకి వెళ్లిందన్నది ఈ విషయంలో ఏమీ తేల్చదు. ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి చేరిన ఆయన ఆల్బమ్‌ను నా వరుసలో మూడోదిగా ఉంచడానికి కారణం అదే.

రెండో ప్రశ్న, డ్రమ్స్, బేస్ గిటార్ ఎవరు వాయించారన్నది. కీబోర్డు కళాకారుడికి కుడిచేయి ఎంత వేగంగా పరుగెత్తినా కింద నేల గట్టిగా లేకపోతే ఆ పరుగు అర్థం లేనిదవుతుంది. మూడో ప్రశ్న, చేతిలో ఉన్నది ఏ సంవత్సరపు రికార్డింగ్ అన్నది. ఈ మూడో ప్రశ్నను పట్టించుకోకపోవడం వల్ల నేను ఒకసారి దెబ్బతిన్నాను; ఆ సంగతి దాని చోట చెబుతాను.

వాద్యాలను ముందుగా గుర్తుపట్టాలి

ఎంపికకు కూర్చునే ముందు ఒక గంట సేపు ఈయన వాడిన వాద్యాల గొంతులను వేరువేరుగా పట్టుకోవడం మంచిది. గాయకుడు లేని సంగీతంలో పాత్రలు వాద్యాలే కనుక, ఏ గొంతు ఎవరిదో తెలియకుండా వింటే నాటకాన్ని తెర అవతల నుంచి విన్నట్టే ఉంటుంది.

అన్నిటికంటే ముందు మినీమోగ్‌ను చెప్పాలి. ఆ పేరులోని చివరి భాగాన్ని ‘మోగ్’ అనే పలకాలి. మన ‘మోగు’ అన్న మాటకు దగ్గరగా ఉండటం వల్ల మనకు అది సులువుగా గుర్తుంటుంది. విద్యుత్ పరికరాలతో ధ్వనిని పుట్టించే ఈ కీబోర్డు వాద్యం (సింథసైజర్) 1970లో వచ్చింది. ఇందులో ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. రెండు మీటలు కలిపి నొక్కినా రెండు స్వరాలు రావు. ఈ పరిమితే దానికి గాత్రపు స్వభావాన్ని ఇచ్చింది. మీటల వరుసకు ఎడమ పక్కన రెండు చక్రాలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని బొటనవేలితో కొద్దిగా తోస్తే పలుకుతున్న స్వరం పైకో కిందికో జారుతుంది. వీణ మీద తీగను లాగి స్వరాన్ని వంచడం విన్న చెవికి ఈ జారు వెంటనే తెలుస్తుంది. మెట్ల మీదే నడవవలసిన పియానో చేయలేని పనిని ఈ వాద్యం చేస్తుంది. వేక్‌మన్ కుడిచేతితో వేగంగా వాయిస్తూ, పదం చివరి స్వరం దగ్గర మాత్రం ఎడమచేతితో చక్రాన్ని కదిపి దాన్ని వంచి వదులుతారు. ఆ వంపును నాలుగుసార్లు గుర్తుపట్టారంటే ఎంత రణగొణధ్వనిలోనైనా ఆయన సంతకాన్ని మీరు గుర్తుపట్టగలరు.

మెలోట్రాన్ దీనికి పూర్తిగా భిన్నమైనది. అందులో ప్రతి మీట కింద ఒక అయస్కాంత టేపు ముక్క ఉంటుంది. దాని మీద వయొలిన్లో, వేణువో, బృందగానమో ముందుగానే రికార్డు చేసి ఉంటుంది. మీట నొక్కినంత సేపు టేపు కదులుతుంది, సుమారు ఎనిమిది సెకన్లకు అయిపోతుంది, వేలు తీయగానే మళ్లీ మొదటికి వస్తుంది. అందువల్ల మెలోట్రాన్ వయొలిన్లలో నిజమైన వయొలిన్లలో లేని ఒక వణుకు, ఒక పాతబడిన చలిదనం ఉంటాయి. 1969లో ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బోవీ పాట ‘స్పేస్ ఆడిటీ’లో ఈ వాద్యాన్ని వాయించినది వేక్‌మనే. వీటితో పాటు, తిరిగే లెస్లీ స్పీకర్ గుండా గరగరలాడే విద్యుత్ వాద్యం హామండ్ ఆర్గన్, గ్రాండ్ పియానో, అక్కడక్కడ పియానోకు ముందుకాలపు తీగల వాద్యం హార్ప్‌సికార్డ్, చర్చి ఆర్గన్ వినిపిస్తాయి. హామండ్‌కూ చర్చి ఆర్గన్‌కూ తేడా పట్టడం మొదట్లో కష్టంగా ఉంటే, ధ్వని ఆగిన క్షణంలో ఏమి మిగిలిందో వినండి: చర్చి ఆర్గన్ ఆగినా రాతి గోడల మధ్య దాని ప్రతిధ్వని కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది.

మొదట ఎంచుకోవలసినది

1973 జనవరిలో వచ్చిన ‘ది సిక్స్ వైవ్స్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ దగ్గర ప్రారంభించాలి. ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యలకు ఆరు వాద్య రచనలు. మాటలున్న పాట ఒక్కటి కూడా లేదు. యెస్ బృందంతో అమెరికా పర్యటనలో ఉండగా విమానాశ్రయంలో కొన్న ఒక పుస్తకం ఈ ఆలోచనకు బీజం వేసింది. ఈ సంగీతం చరిత్రకు ప్రతిరూపం కాదనీ, ఆ రాణుల స్వభావాలను కీబోర్డు వాద్యాల పరంగా తాను ఊహించుకున్న తీరు మాత్రమేననీ వేక్‌మన్ ఆల్బమ్ అట్ట మీద స్పష్టంగా రాసుకున్నారు. నా మొదటి ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు మరో ఆల్బమ్‌లో దొరకదు: ఇక్కడ కథ చెప్పేది కీబోర్డే.

రెండో ప్రశ్నకూ జవాబు బలంగానే ఉంది. ‘కేథరిన్ ఆఫ్ ఆరగాన్’లో డ్రమ్స్ బిల్ బ్రూఫర్డ్, బేస్ క్రిస్ స్క్వైర్, గిటార్ స్టీవ్ హౌ. అంటే ఆనాటి యెస్ వాద్యకారులంతా ఆ రచనలో ఉన్నారు. ‘ఆన్ ఆఫ్ క్లీవ్స్’లో డ్రమ్స్ అలన్ వైట్. అంతకు ముందు వేక్‌మన్ పనిచేసిన స్ట్రాబ్స్ బృందం సభ్యులు ‘కేథరిన్ హోవర్డ్’కు వచ్చారు, అందులో మధ్యలో వినిపించే విద్యుత్ బాంజో వారి నాయకుడు డేవ్ కజిన్స్‌ది. ఒక్కొక్క రాణికి ఒక్కొక్క బృందం ఉండటం వల్ల ఆరు రచనలూ ఆరు వేరు గదుల్లా ఉంటాయి.

వీటిలో ఒక్కదాన్ని దగ్గరగా వినమంటే నేను ‘జేన్ సీమోర్’ను ఎంచుకుంటాను. దీన్ని లండన్ నగరంలో క్రిపుల్‌గేట్ దగ్గరి సెయింట్ జైల్స్ చర్చి ఆర్గన్ మీద రికార్డు చేశారు. మొదట చెప్పిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లోని ఆర్గన్ కూడా ఆ చర్చిదే కనుక, యెస్ పాట నుంచి వచ్చే శ్రోతకు ఇది తెలిసిన ఇంటి గడపలా ఉంటుంది. బాఖ్ కాలపు పద్ధతిలో వేళ్లు ఒకదాన్ని ఒకటి తరుముతూ సాగే ఆ ఆర్గన్ నడకలోకి హార్ప్‌సికార్డ్ చేరుతుంది, ఆ తరువాత మోగ్ వచ్చి చేరుతుంది. శతాబ్దాల వయసున్న రెండు వాద్యాల మధ్యకు అప్పటికి మూడేళ్ల వయసు కూడా నిండని ఒక యంత్రం వచ్చి నిలబడితే, అది పరాయిగా వినిపించకపోవడమే ఇక్కడి విద్య. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, మొదటిసారి ఆర్గన్‌ను మాత్రమే, రెండోసారి మోగ్‌ను మాత్రమే వెంబడించి చూడండి. అయిదు నిమిషాలు కూడా లేని రచన ఇది. రెండుసార్లు వినడం భారం కాదు.

‘ఆన్ ఆఫ్ క్లీవ్స్’ను మాత్రం మొదటి రోజే వినవలసిన అవసరం లేదు. ఎనిమిది నిమిషాల దగ్గర సాగే ఈ రచనలో డ్రమ్స్ ఊపిరి తీసుకోవు, కీబోర్డులు ఒకదానితో ఒకటి తగవు పడుతూ ఉంటాయి. అలవాటు లేని చెవికి అది చిందరవందరగా తోస్తుంది. ‘కేథరిన్ హోవర్డ్’ నుంచి మొదలుపెట్టి, పియానో మీద వచ్చే దాని మొదటి మెత్తని పదాన్ని గుర్తుంచుకుని, అదే పదం తరువాత ఏయే వాద్యాల్లోకి మారి తిరిగి వస్తుందో లెక్కపెట్టడం మంచి అభ్యాసం. మన కచేరీల్లో పల్లవిని పట్టుకుని నెరవులు వినే అలవాటున్నవారికి ఇది కష్టం కాదు. ఆ తరువాత ‘కేథరిన్ పార్’లో హామండ్ వేగం, ‘ఆన్ బొలీన్’ చివర ప్రశాంతంగా వచ్చే సాయంకాలపు చర్చి కీర్తన వరుస వినండి. 1536లో శిరచ్ఛేదానికి గురైన ఆ రాణి రచనను ఆ కీర్తనతో ముగించడం ఎంత ఔచిత్యంగా ఉందో వినేవారికి చెప్పనక్కరలేదు.

ఇంకొక చిన్న ప్రయోగం చేయవచ్చు. ఆల్బమ్‌లోని వరుస చరిత్రలోని వరుస కాదు. ఆరగాన్, బొలీన్, సీమోర్, క్లీవ్స్, హోవర్డ్, పార్ అన్న పెళ్లిళ్ల వరుసలో ఒకసారి అమర్చుకుని వింటే ‘జేన్ సీమోర్’ ఆర్గన్ ముగిసిన వెంటనే ‘ఆన్ ఆఫ్ క్లీవ్స్’ రభస మొదలవుతుంది. ఆ దెబ్బ అసలు వరుసలో లేదు. అయినా అసలు వరుసే మేలైనదని నా అభిప్రాయం. ఈ ప్రయోగం తరువాత ఆ అభిప్రాయం ఇంకా బలపడింది.

ఏ రికార్డింగో చూసుకోవాలి

నేను దెబ్బతిన్న సంగతి ఇక్కడిదే. చాలా ఏళ్ల కిందట ఈ ఆల్బమ్ సీడీ కావాలని ఒక అంగడికి చెప్పి తెప్పించుకున్నాను. ఇంటికి వచ్చి పెట్టగానే చప్పట్లు వినిపించాయి. పేరు అదే, రాణులు వారే, కాని చేతికి వచ్చినది 2009 మే నెలలో హాంప్టన్ కోర్ట్ రాజప్రాసాదం ఆవరణలో ఆర్కెస్ట్రాతో, బృందగానంతో జరిగిన కచేరీ రికార్డింగ్. హెన్రీ సింహాసనమెక్కి 500 ఏళ్లయిన సందర్భంగా జరిగిన ఆ కచేరీ తనంతట తాను మంచిదే. హెన్రీ కోసం రాసి, అప్పట్లో చోటు చాలక పక్కన పెట్టిన ‘డిఫెండర్ ఆఫ్ ది ఫెయిత్’ అన్న రచన అందులో ఉంది. కాని నేను వెతికినది అది కాదు. మొదటి పరిచయం దానితో అయినవారికి 1973 నాటి ఆ బిగువు తెలియకుండా పోతుంది.

కనుక కొనేటప్పుడైనా, ఫోన్‌లోని మ్యూజిక్ యాప్‌లో వెతికేటప్పుడైనా బొమ్మను చూసి మోసపోకుండా మూడు విషయాలు సరిచూసుకోండి: సంవత్సరం, రచనల సంఖ్య, మొత్తం నిడివి. 1973 నాటి రికార్డింగ్‌లో ఉన్నవి ఆరు రచనలే, మొత్తం ముప్ఫై ఆరు నిమిషాల పైచిలుకు. ఇరవై రచనలు కనిపించినా, గంట దాటినా అది మరొకటి. అసలు అట్ట మీద మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మల నడుమ వేక్‌మన్ నిలబడి ఉంటారు; తెర పూర్తిగా మూయకపోవడం వల్ల వెనక అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మైనపు బొమ్మ కూడా కొంత కనిపిస్తుంది. అసలు అట్టను గుర్తుపట్టడానికి అదొక మంచి ఆనవాలు.

ఈ జాగ్రత్త ఒక్క ఈ ఆల్బమ్‌కే కాదు. ‘జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’కు 1974 నాటి కచేరీ రూపం ఉంది, 2012లో స్టూడియోలో కొత్తగా చేసిన పొడవైన రూపం ఉంది. కింగ్ ఆర్థర్ ఆల్బమ్‌కు 1975 రూపం, 2016లో విస్తరించిన రూపం రెండూ ఉన్నాయి. ఏది వింటున్నామో తెలియకుండా ఏది బాగుందో చెప్పలేము.

రెండో స్థానం, మూడో స్థానం

1977లో వచ్చిన ‘క్రిమినల్ రికార్డ్’ను నేను రెండో స్థానంలో ఉంచుతాను. ఈ ఎంపికను ఒప్పుకోనివారు చాలామంది ఉంటారని తెలుసు, ఎందుకంటే పెద్ద ఆర్కెస్ట్రా ఆల్బమ్‌ల పేరు దీనికి రాలేదు. కాని నా మూడు ప్రశ్నలను వరుసగా వేయండి. ఇక్కడ నేరం, న్యాయం అన్న వస్తువు తీసుకుని మళ్లీ వాద్యాలకే అప్పగించారు. మొదటి వైపున ఉన్న మూడు రచనల్లో బేస్ క్రిస్ స్క్వైర్, డ్రమ్స్ అలన్ వైట్. వేక్‌మన్ యెస్‌లోకి తిరిగి వచ్చిన కాలం కనుక ఆ ముగ్గురూ అప్పటికే కలిసి వాయిస్తున్నవారు. ‘స్టాచ్యూ ఆఫ్ జస్టిస్’లో ఆ ముగ్గురి పొందిక ఎలా ఉంటుందంటే, పియానో ఎటు మళ్లినా బేస్ అక్కడ ముందే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఈ ఆల్బమ్‌ను వదులుకోకూడదనడానికి అసలు కారణం చివరి రచన ‘జుడాస్ ఇస్కారియట్’. పన్నెండు నిమిషాల ఈ రచనను స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో సెయింట్ మార్టిన్ చర్చి ఆర్గన్ మీద వాయించారు. అదే ఏడాది యెస్ ‘అవేకెన్’లో వినిపించిన ఆర్గన్ కూడా అదే. ఇక్కడ ఒక స్విస్ బృందగానం ఉంది, కాని అది కథ చెప్పదు. ఆర్గన్‌లో మరొక గొట్టంలా కలిసిపోతుంది. గురువును పట్టించిన శిష్యుడి పేరు పెట్టిన రచనలో కోపం కంటే దుఃఖం ఎక్కువగా వినిపిస్తుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక, ధ్వనిని మామూలు కంటే కొంచెం పెంచి, ఆర్గన్ అట్టడుగు స్వరాలు నేలను తాకేంతగా వినవలసిన రచన ఇది. చిన్న ఫోన్ స్పీకర్‌లో ఆ అడుగు స్వరాలు వినిపించనే వినిపించవు. దీనికి ముందున్న ‘ది బ్రెతలైజర్’ అన్న హాస్యగీతాన్ని దాటవేయడంలో తప్పేమీ లేదు. ‘బర్డ్‌మన్ ఆఫ్ అల్కట్రాజ్’ ముగియగానే నేరుగా ‘జుడాస్’కు వెళ్లడం నా అలవాటు.

మూడోది ‘జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’. జూల్ వెర్న్ నవల ఆధారంగా, 1974 జనవరి 18న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, ఇంగ్లిష్ చాంబర్ క్వయర్‌తో కలిసి కచేరీ చేస్తూ రికార్డు చేసిన ఆల్బమ్ ఇది. కథ చదివినది నటుడు డేవిడ్ హెమ్మింగ్స్, ఆర్కెస్ట్రాను నడిపినది డేవిడ్ మీషమ్. ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి, అమెరికాలో మూడో స్థానానికి చేరింది.

తెలుగు శ్రోత దీన్ని వినడానికి ఒక దగ్గరి దారి ఉంది. హరికథలో దాసు వచనంతో కథ నడిపి, ఒక ఘట్టం దగ్గర పాటలోకి దిగి, ఆ పాట ముగియగానే మళ్లీ వచనం అందుకుంటారు కదా. ఈ ఆల్బమ్ నడక సరిగ్గా అదే. వ్యాఖ్యాత కథ చెబుతారు, గాయకులు పాడతారు, ఆ తరువాత ఆర్కెస్ట్రానో మోగో ఆ ఘట్టాన్ని పెంచుతుంది. పాశ్చాత్య రాక్ ఆల్బమ్‌లో ఈ వచనం ఎందుకని విసుక్కునేవారు ఈ దృష్టితో వింటే ఓపిక కలుగుతుంది. కాని హరికథలో దాసే వాచకమూ గానమూ నటనా అన్నీ తానై ఉంటారు. ఇక్కడ ఆ పని నలుగురికి పంచడం వల్ల వేక్‌మన్ కొన్నిచోట్ల తన ఆల్బమ్‌లోనే అతిథిగా కనిపిస్తారు. గాయకుల గొంతులు ఆర్కెస్ట్రా ఎత్తుకు సరితూగవని నాకు మొదటి నుంచీ అనిపిస్తుంది. అయినా ‘ది బ్యాటిల్’లో సముద్ర జంతువుల పోరు ఘట్టాన్నీ, ‘ది ఫారెస్ట్’ చివర నార్వే సంగీతకర్త గ్రీగ్ రచించిన పర్వతరాజు సభ వరుస తన్నుకు వచ్చే తీరునూ వినకుండా ఉండకూడదు.

ఎల్పీ రికార్డు ఒక్కో వైపున పట్టే సమయం ఇరవై నిమిషాల చుట్టుపక్కలే కనుక అప్పట్లో రచనను కుదించవలసి వచ్చింది. పోయిందనుకున్న స్వరలిపి దశాబ్దాల తరువాత దొరకడంతో, వదిలేసిన భాగాలను చేర్చి 2012లో కొత్తగా రికార్డు చేశారు. అందులో ధ్వని స్పష్టంగా ఉంది, రచన నిండుగా ఉంది. ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే మాత్రం నేను 1974 కచేరీనే తీసుకుంటాను. పాతికేళ్లు కూడా నిండని యువకుడు ఒక మహా ఆర్కెస్ట్రా ముందు కూర్చుని తెగించి వాయించిన ఆ రాత్రి ఉద్వేగం స్టూడియోలో మళ్లీ రాదు.

ఎప్పుడైనా వినదగినవి, దాటవేయదగినవి

1975 నాటి కింగ్ ఆర్థర్ ఆల్బమ్ పూర్తి పేరు చాలా పొడవైనది. ఆర్థర్ రాజు, గుండ్రబల్ల వీరుల గాథలు అని చెప్పుకుంటే చాలు. 1974లో గుండెపోటుతో ఆసుపత్రిలో ఉండగా కొంత భాగం రాశారు. దీన్నే మంచు మీద స్కేటింగ్ ప్రదర్శనగా వెంబ్లీలో పెట్టి ఎంతో డబ్బు ఖర్చు చేశారు. మొత్తంగా చూస్తే బృందగానం బరువు ఎక్కువ. కాని ‘మెర్లిన్ ది మెజీషియన్’ ఒక్కటి తీసుకోండి: మెత్తగా మొదలై, మోగ్ మీద పరుగెత్తి, ఉన్నట్టుండి పాత కాలపు హోటల్ పియానో వరుసలోకి గెంతి మళ్లీ వెనక్కి వస్తుంది. మొదటి రచన ‘ఆర్థర్’ ఆరంభ సంగీతాన్ని బీబీసీ 1979 నుంచి పలుమార్లు ఎన్నికల ఫలితాల ప్రసారానికి వాడుకుంది కనుక ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగువారికి ఎక్కడో విన్నట్టు అనిపించవచ్చు.

1976 నాటి ‘నో ఎర్త్లీ కనెక్షన్’లో కీబోర్డు బాగుంది, ఎక్కువ భాగం గానం. ముందు చెప్పినవన్నీ విన్నాక చూడవచ్చు. పాత ఎల్పీగా కొనేవారు మాత్రం అద్దంలా మెరిసే ఒక రేకు కాగితం లోపల ఉందో లేదో చూసుకోవాలి. దాన్ని గొట్టంలా చుట్టి అట్ట మీద నిలబెడితేనే వంకరగా ముద్రించిన ఆ బొమ్మ సరైన రూపంలో కనిపిస్తుంది. 1976 శీతాకాల ఒలింపిక్స్ చిత్రానికి చేసిన ‘వైట్ రాక్’ సినిమా సంగీతమైనా కీబోర్డు ప్రధానమైనదే కనుక ఆసక్తి ఉన్నవారు వినవచ్చు. 1980లలో వచ్చినవి చాలావరకు దాటవేయవచ్చని నా నిశ్చితాభిప్రాయం. 1986 నాటి ‘కంట్రీ ఎయిర్స్’ మాత్రం నిమ్మళమైన పియానో కోరుకునేవారికి నచ్చుతుంది. 1999లో పాట్రిక్ స్టూవర్ట్ వ్యాఖ్యానంతో, ఆజీ ఆజ్‌బోర్న్ వంటి అతిథి గాయకులతో వచ్చిన ‘రిటర్న్ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’ ఎంతో శ్రమతో చేసిన పని. అయినా కథను మోసేవారు మళ్లీ ఇతరులే.

తరువాతి కాలం నుంచి రెండింటిని తప్పక చేర్చాలి. 2020లో తన బృందం ఇంగ్లిష్ రాక్ ఎన్‌సెంబుల్‌తో చేసిన ‘ది రెడ్ ప్లానెట్’ అంగారక గ్రహం మీది స్థలాల పేర్లు పెట్టిన ఎనిమిది వాద్య రచనల ఆల్బమ్. గాయకుడు లేడు, వ్యాఖ్యాత లేడు. ‘ఆస్క్రేయస్ మాన్స్’ ఆరంభంలో చర్చి ఆర్గన్ విన్న క్షణంలోనే ‘జేన్ సీమోర్’ గుర్తుకు వస్తుంది. డెబ్భై దాటిన మనిషి తాను ఇరవై మూడేళ్లప్పుడు పట్టుకున్న దారిలోకి తిరిగి వచ్చారని నాకు ఎంతో సంతోషం కలిగింది. నా వరుసలో ఇది నాలుగోది. లీ పామరాయ్ బేస్ పట్టు వల్ల రెండో ప్రశ్నకూ జవాబు నిండుగా దొరుకుతుంది.

అయిదోది 2017 నాటి ‘పియానో పోర్ట్రెయిట్స్’. ఇందులో ఒక్క గ్రాండ్ పియానో తప్ప ఏమీ లేదు. ఎక్కువ భాగం ఇతరుల రచనలు. కాని వాటిలో కొన్నింటితో వేక్‌మన్ చేతులకు పాత సంబంధం ఉంది. 1971లో లండన్ ట్రైడెంట్ స్టూడియోలో డేవిడ్ బోవీ ‘లైఫ్ ఆన్ మార్స్?’కు పియానో వాయించినది ఆయనే. క్యాట్ స్టీవెన్స్ ‘మార్నింగ్ హ్యాజ్ బ్రోకెన్’లోని పియానో కూడా ఆయనదే. ఆ రెండింటినీ ఇక్కడ గొంతు లేకుండా మళ్లీ వాయించారు. ఇది ప్రోగ్రెసివ్ రాక్ కాదు కదా అని అడిగేవారికి నా జవాబు ఒకటే: మోగ్‌నూ ఆర్గన్‌నూ తీసేసినా ఈ చేతుల్లో ఏమి మిగులుతుందో తెలిసేది ఇక్కడే.

వినే క్రమం గురించి ఒక్క మాట. అయిదింటినీ ఒకే వారంలో వినవద్దు. ‘సిక్స్ వైవ్స్’కు కనీసం పది రోజులు ఇచ్చి, ఆ ఆరు రచనలూ పేరు చూడకుండా గుర్తుపట్టగలిగాక ‘క్రిమినల్ రికార్డ్’కు వెళ్లండి. ‘జర్నీ’కి నలభై నిమిషాలు ఒకే బిగిని కేటాయించండి, వంట చేస్తూనో, బస్సులోనో ముక్కలుగా వింటే వచనం అడ్డుగా తోస్తుంది. పియానో ఆల్బమ్‌ను చివరికి ఉంచుకుని, దాన్ని వినబోయే ముందు 1971 నాటి ‘లైఫ్ ఆన్ మార్స్?’ను ఒకసారి వినండి. బోవీ గొంతు మీద నుంచి దృష్టి మళ్లించి కింద పియానో ఎడమచేయి స్వరాలు మెట్టు మెట్టుగా దిగే చోటును పట్టుకోండి. ఆ తరువాత 2017 రూపం పెట్టి, అదే ఎడమచేయి నలభై ఆరేళ్ల తరువాత, అంతకు ముందు ఏడాదే మరణించిన మిత్రుడి పాటలో ఆ మెట్ల మీదుగా ఎలా దిగుతుందో వినండి.